నోవాక్ ఇంటిపేరు: అసలు అర్థం ఏమిటి, ఇన్ని దేశాల్లోకి ఎలా పాకింది?

పాతకాగితం (ప్రశ్న):

చెకియా, పోలండ్, స్లొవేనియా, ఈ మూడు దేశాల్లోనూ జనంలో ఎక్కువగా కనిపించే ఇంటిపేరు నోవాక్. అర్థం ఎక్కడ చూసినా "కొత్తవాడు" అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. నాకున్న సందేహాలు ఇవి:

కొత్తవాడంటే ఎవరికి కొత్త? దేశానికా, ఊరికా, వృత్తికా? ఇంతమంది నోవాక్‌లు ఒకే వంశంవాళ్లు అయ్యే అవకాశం ఏమైనా ఉందా? సెర్బియాలో ఇది ఇంటిపేరు కాదు, మనిషి పేరు (టెన్నిస్ ఆటగాడు నోవాక్ జొకోవిచ్). రెండూ ఒకటేనా? చివరిగా, 19వ శతాబ్దపు చర్చి రిజిస్టర్లలో నోవాకా, నోవాకోవి, నోవాకోవా, నోవాకువ్నా, నోవాకిన్ అని రకరకాలుగా రాసి ఉంటుంది. ఇవి వేర్వేరు కుటుంబాలా, ఒకే పేరుకు రూపాలా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ధాతువు:

అర్థంతో మొదలుపెడతాను. "నోవ్" అంటే స్లావిక్ భాషలన్నిటిలోనూ కొత్త. సంస్కృతంలో "నవ" ఏ మూలం నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే. చివర "-అక్" అనేది ఫలానా లక్షణం ఉన్న మనిషి అని చెప్పే ప్రత్యయం. వ్యుత్పత్తి ఇంతే, ఇందులో గూఢార్థాలు వెతకక్కర్లేదు.

మీరడిగిన "ఎవరికి కొత్త" అన్నదే అసలు ప్రశ్న. జవాబు: ఊరికి. పాతిక ముప్పై గడపల పల్లెలో రోజువారీ పనులకు ఇంటిపేరు అవసరం పడదు. జమీందారు గుమాస్తా శిస్తు జాబితా రాసేటప్పుడు అవసరం పడుతుంది. ఊళ్లో యాన్‌లు ముగ్గురుంటే ఒకడు కమ్మరి, ఒకడు వాగు పక్కవాడు, మొన్న వచ్చి పొలం తీసుకున్నవాడు యాన్ నోవాక్. అతను పరాయి దేశంనుంచి రానక్కర్లేదు, పక్క ఊరివాడైనా చాలు. బొహీమియాలో (ఇప్పటి చెకియా పశ్చిమ భాగం) రైతు తన ఎస్టేటు వదిలి వెళ్లాలంటే దొర అనుమతి కావాలి. ఆ కట్టుబాటు 1781లో గానీ పోలేదు. కదలిక అంత తక్కువగా ఉన్నచోట కొత్త మనిషి అందరి కళ్లలోనూ పడతాడు.

చెక్ ప్రాంతంలో ఈ పేరు అంతలా పెరగడానికి ముప్పై ఏళ్ల యుద్ధం (1618–1648) కూడా దోహదం చేసింది. యుద్ధం ముగిసేసరికి ఊళ్లలో ఎన్నో పొలాలు దిక్కులేకుండా పడి ఉన్నాయి. 1654లో తయారైన "బెర్ని రులా" అనే పన్ను జాబితాలో పాడుబడిన భూములకు వేరుగా పద్దులే ఉన్నాయి. వాటిలో దిగినవాళ్లలో కొందరికి నోవాక్ అనీ, కొందరికి నోవోత్నీ అనీ పేరు పడింది. ఈ రెండోదానికీ అదే అర్థం, అది కూడా చెకియాలో అగ్రస్థానాల్లో ఉన్న ఇంటిపేరే. స్లొవేనియాలో ఇంకో ఛాయ కలుస్తుంది. అడవి కొట్టి కొత్తగా సాగులోకి తెచ్చిన నేలను "నోవినా" అంటారు, అలాంటి నేలమీద కాపురం పెట్టినవాడు కూడా నోవాకే.

కొత్తదనం ఒక తరంలో పోతుంది, పేరు మాత్రం ఎందుకు మిగిలిందంటే రిజిస్టర్ల వల్ల. 1563లో క్యాథలిక్ చర్చివాళ్ల ట్రెంట్ మహాసభ ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల పరిధి) బాప్టిజం, పెళ్లి పుస్తకాలు ఉంచాలని నియమం పెట్టింది. తర్వాత 1780లలో చక్రవర్తి రెండో యోసెఫ్ హాబ్స్‌బర్గ్ (ఆస్ట్రియా రాజవంశం) రాజ్యాల్లో ఇంటిపేరు తండ్రినుంచి బిడ్డకు మారకుండా రావాలని కట్టడి చేశాడు. అప్పటిదాకా మనిషితో పాటు మారుతూ వచ్చిన మారుపేరు అక్కడితో గడ్డకట్టిపోయింది.

ఒకే వంశమా అంటే, కానే కాదు. ఏ ఊరికి ఆ ఊరు విడిగా పెట్టుకున్న పేరిది. పక్కపక్క ఊళ్లలోని ఇద్దరు నోవాక్‌లకు ఏ చుట్టరికమూ లేకపోవడమే మామూలు.

జనగణితం:

పైన చెప్పినదానికి లెక్కలు జోడిస్తాను. ముందు ఒక జాగ్రత్త. ఇంటిపేర్ల పట్టికలు చూసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఆడ, మగ రూపాలను కలపకపోవడం. చెకియాలో మగవాళ్లు నోవాక్, ఆడవాళ్లు నోవాకోవా. పట్టికలో ఇవి రెండు వేర్వేరు వరుసలు. రెండూ కలిపితేనే అసలు సంఖ్య తెలుస్తుంది, 65 వేలకూ 70 వేలకూ మధ్య. పోలండ్‌లో నోవాక్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే, అందుకే 2 లక్షల పైచిలుకు ఒకే వరుసలో కనిపిస్తుంది. అక్కడ రెండో స్థానంలో ఉన్న కొవాల్‌స్కీకి కొవాల్‌స్కా అనే స్త్రీరూపం ఉంది. కలపకుండా చూస్తే కొవాల్‌స్కీ నోవాక్‌లో మూడోవంతు మాత్రమే అనిపిస్తుంది. కలిపితే 1.3 లక్షలు దాటుతుంది. పోలండ్ ప్రభుత్వం జనాభా రిజిస్టరు నుంచి తీసిన ఈ జాబితాలను ఆడ, మగ విడివిడిగా బహిరంగ డేటా పోర్టల్‌లో పెడుతుంది.

స్లొవేనియాలో సుమారు 11 వేలు. చిన్న సంఖ్యలా ఉన్నా ఆ దేశ జనాభా 21 లక్షలే. నిష్పత్తి తీస్తే పోలండ్, స్లొవేనియా రెండింట్లోనూ వెయ్యిమందికి ఐదుగురు చొప్పున, చెకియాలో ఆరుగురికి పైన. మొదటి స్థానం అన్నమాట వినగానే ఊళ్లన్నీ నోవాక్‌లతో నిండి ఉంటాయనుకోవద్దు.

పోలండ్‌లోనూ ఇది అంతటా సమానంగా లేదు. పొజ్నాన్ చుట్టూ ఉన్న వియెల్కోపోల్‌స్కా, క్రాకోవ్ చుట్టూ ఉన్న మావోపోల్‌స్కా, సిలీషియా, వీటిలో దట్టం. తూర్పుకు పోయేకొద్దీ పలచన. స్లొవేకియాలో పైన ఉన్నవి హోర్వాత్, కొవాచ్. క్రొయేషియాలో హోర్వాత్ మొదటిది, నోవాక్ ఎక్కువగా ఉత్తరాన మెజిమూరియే వైపు కనిపిస్తుంది. హోర్వాత్ అంటే క్రొయేషియావాడు అని అర్థం, అదీ ఒకరకంగా "మా ఊరివాడు కాదు" అని చెప్పే పేరే. ఒట్టోమన్ యుద్ధాల కాలంలో దక్షిణంనుంచి వచ్చినవాళ్లకు ఎక్కడివాళ్లో చెప్పే పేరు పడింది. నోవాక్‌లో ఎక్కడినుంచి అన్న సంగతి ఉండదు, వచ్చాడన్న సంగతి మాత్రమే ఉంటుంది. అందుకే అది ఎక్కడైనా అతుకుతుంది.

జర్మనీలో తెలియకుండా దాగిన రూపం ఒకటుంది: నోఆక్. జర్మనీ తూర్పు అంచున ఉన్న లుసేషియాలో సోర్బులు అనే చిన్న స్లావిక్ జాతి ఉంది. వాళ్ల నోవాక్ జర్మన్ నోళ్లలో, జర్మన్ రాతలో నోఆక్ అయింది. కోట్‌బుస్ పరిసరాల్లో ఈ పేరు కనబడితే పోలండ్ వలస అని తొందరపడొద్దు, వాళ్లు అక్కడివాళ్లే అయి ఉండొచ్చు. సోర్బు చిత్రకారుడు మెర్చిన్ నోవాక్-న్యెహోర్న్‌స్కీ (1900–1990) పేరు చూడండి. నోవాక్ పక్కన తన ఊరిపేరు తగిలించుకున్నాడు. జర్మన్‌లో ఆయన్ని మార్టిన్ నోవాక్-నోయ్‌మన్ అంటారు. నోయ్‌మన్ అన్నా కొత్త మనిషే, అంటే ఒకే పేరు రెండు భాషల్లో రెండుసార్లు!

జర్మనీలోని మిగతా నోవాక్‌లలో చాలామంది 19వ శతాబ్దం చివర పోలండ్ ప్రాంతాలనుంచి, సిలీషియానుంచి రూర్ బొగ్గుగనులకు వచ్చినవాళ్ల సంతతి. వియన్నాలో ఉన్నవి ఎక్కువగా బొహీమియా, మొరావియాల నుంచి వచ్చినవి. 1900 జనగణనలో వియన్నాలో చెక్ మాట్లాడేవాళ్లు 1 లక్ష దాటారు. హంగరీలో నోవాక్ పూర్తిగా అక్కడి పేరే అయిపోయింది. 2022 నుంచి 2024 దాకా ఆ దేశ అధ్యక్షురాలు కాతలిన్ నోవాక్.

ధాతువు:

సెర్బియా సంగతి మరిచాను. అక్కడ నోవాక్ మనిషి పేరుగా చాలా పాతది. వీరగాథల్లో స్టారినా నోవాక్ అనే హైదుక్ (ఒట్టోమన్లపై తిరగబడిన బందిపోటు యోధుడు) నాయకుడు వస్తాడు. చరిత్రలో బాబా నోవాక్ ఉన్నాడు: వలేకియా (ఇప్పటి రొమేనియాలో భాగం) పాలకుడు మిహాయ్ దగ్గర సేనానిగా ఒట్టోమన్లతో పోరాడి, 1601లో క్లూజ్‌లో చిత్రవధకు గురయ్యాడు. సెర్బియాలో ఇంటిపేరు కావాలంటే దానికి "-ఒవిచ్" చేరాలి, అంటే నోవాకోవిచ్. చరిత్రకారుడు, ప్రధానిగా చేసిన స్టోయాన్ నోవాకోవిచ్ పేరు అలాంటిదే.

తేడా చిన్నదిగా కనిపించినా ముఖ్యం. నోవాకోవిచ్ అంటే నోవాక్ అనే పేరున్న మనిషి సంతతి. ఆ పూర్వీకుడు ఎక్కడికీ వలస వచ్చి ఉండనక్కర్లేదు. ధాతువు ఒకటే, ఇంటిపేరు పుట్టిన దారి వేరు.

రష్యన్ నోవికోవ్‌ను కూడా ఈ గంపలో వేయకండి. అది "నోవిక్" నుంచి వచ్చింది. 16, 17 శతాబ్దాల మస్కోవీలో (అప్పటి రష్యా రాజ్యం) అప్పుడే కొలువులో చేరిన కుర్ర యోధుణ్ని నోవిక్ అనేవారు. కొందరు నోవికోవ్‌ల పూర్వీకుడు ఊరికి కాదు, కొలువుకు కొత్త.

పోలండ్‌లో నోవాకోవ్‌స్కీ మరో తంటా. నోవాకోవో లాంటి ఊరిపేర్ల నుంచి వచ్చినవి కొన్ని, ఉన్న నోవాక్‌కే గొప్పగా వినిపించాలని "-స్కీ" తగిలించుకున్నవి కొన్ని. పేరు చూసి ఏది ఏదో చెప్పలేం.

పాతకాగితం:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. రిజిస్టర్ల సంగతి మిగిలింది. ఒకే పోలిష్ పారిష్‌లో పెళ్లి పద్దులో "జ్ నోవాకుఫ్" అని, మరోచోట "నోవాకువ్నా" అని, ఇంకోచోట "నోవాకోవ్‌స్కా" అని ఉంటే ఏవి ఒకటి, ఏవి వేరు?

రిజిస్టరుబల్ల:

మొదటి రెండూ ఒకటి, మూడోది వేరు.

పోలిష్‌లో పాత పద్ధతి ఇలా ఉంటుంది. భర్త నోవాక్ అయితే భార్య నోవాకోవా. పెళ్లికాని కూతురు నోవాకువ్నా. "జ్ నోవాకుఫ్" అంటే నోవాక్‌ల ఇంటి ఆడపడుచు, అంటే ఆమె పుట్టింటి పేరు నోవాక్. నోవాకోవ్‌స్కా అనేది నోవాకోవ్‌స్కీ అనే వేరే ఇంటిపేరుకు స్త్రీరూపం. నోవాకోవా, నోవాకోవ్‌స్కా చేతిరాతలో దగ్గరగా ఉంటాయి కాబట్టి సూచికలు తయారుచేసినవాళ్లు కలిపేసిన సందర్భాలుంటాయి. అనుమానం వస్తే సూచికను నమ్మకుండా మూలచిత్రం తెరిచి "ఎస్" అక్షరం ఉందో లేదో చూడండి.

చెక్‌లో "-ఓవా" కూతురికీ భార్యకూ ఒకటే. కాబట్టి నోవాకోవా అన్నంతమాత్రాన ఆమె పెళ్లయిందో లేదో తేలదు. 2022 జనవరి 1 నుంచి చెక్ స్త్రీలు కారణం చూపకుండానే "-ఓవా" లేని రూపం ఎంచుకోవచ్చు. పాత రికార్డులకు దీంతో పనిలేదు గానీ ఇప్పటి పట్టికలు చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి. నోవాకిన్ అనేది జర్మన్‌లో రాసిన గుమాస్తా పని. పాత జర్మన్ రాతలో స్త్రీ ఇంటిపేరుకు "-ఇన్" చేర్చేవారు. అది కొత్త ఇంటిపేరు కాదు.

నోవాకా, నోవాకోవి, నోవాకెమ్ అనేవి విభక్తి రూపాలు. "యాన్ నోవాక్ కొడుకు" అని రాయాలంటే చెక్‌లో "యానా నోవాకా" అవుతుంది. వంశవృక్షాల సైట్లలో "నోవాకా" అని ఇంటిపేరు ఎక్కించినవి కనిపిస్తే అవి దాదాపుగా ఇలాంటి తప్పులే. ఇంటిపేరును ఎప్పుడూ ప్రథమా విభక్తికి తెచ్చి నమోదు చేసుకోవాలి.

స్పెల్లింగ్ విషయం: పోలిష్‌లో "డబ్ల్యూ" ఉంటుంది, దాన్ని వ అనే పలుకుతారు. ఇప్పటి చెక్‌లో "వీ". కానీ 19వ శతాబ్దం మధ్యదాకా చెక్‌లోనూ "డబ్ల్యూ" తోనే రాసేవారు. అందుచేత 1840కి ముందు పద్దులో "డబ్ల్యూ" చూసి పోలండ్‌వాళ్లని తేల్చకూడదు. చెక్‌లో "ఏ" మీద ఉండే దీర్ఘం గుర్తును కూడా పాత గుమాస్తాలు పట్టించుకునేవారు కాదు.

ఇక వెతకడం. నోవాక్ లాంటి పేరుతో సూచికలో వెతికితే వందల ఫలితాలు వస్తాయి, అవి దేనికీ పనికిరావు. క్రమం తిప్పాలి: ముందు ఊరు, తర్వాత ఇంటి నంబరు, ఆఖరున ఇంటిపేరు. హాబ్స్‌బర్గ్ రాజ్యాల్లో 1770–71లో ఇళ్లకు నంబర్లు వేశారు. 1784లో జననం, పెళ్లి, మరణాలకు వేర్వేరు పుస్తకాలు ఉండాలన్న ఉత్తర్వు వచ్చాక గడులు గీసిన పద్దుల్లో ఇంటి నంబరుకు ఒక గడి ఉంటుంది. ఒకే ఊళ్లో 7వ నంబరు ఇంట్లో ఒక యోసెఫ్ నోవాక్, 23వ నంబరులో మరో యోసెఫ్ నోవాక్ ఉంటే వాళ్లను విడదీసేది ఆ గడి ఒక్కటే. 1784 తర్వాతి జననాల పుస్తకంలో ఆ నంబరు ఉన్న పద్దులన్నీ, ఇంటిపేరు ఏదైనా సరే, 40 ఏళ్ల వరుసన ఒక కాగితం మీదికి ఎత్తి రాయండి. ఇంట్లో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్నది దానంతటదే తేలుతుంది. కొన్ని ఊళ్లలో తర్వాత నంబర్లు మార్చారు. ఒక ఏడాదినుంచి ఇంట్లోవాళ్లంతా ఒకేసారి మారిపోయినట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది అదే.

ఇంటిపేరు ఏదైనా సరే అని ఎందుకన్నానంటే, బొహీమియాలో పేరు మనిషిని కాక పొలాన్ని అంటిపెట్టుకున్న రోజులున్నాయి. నోవాక్ అనే పొలంలోకి ఇల్లరికం వచ్చిన ద్వోర్జాక్ కొన్నేళ్లకు నోవాక్ అయిపోతాడు. అతని పిల్లల్లో ముందు పుట్టినవాళ్లు ద్వోర్జాక్‌లు, తర్వాతివాళ్లు నోవాక్‌లు కావచ్చు. పద్దులో "ఇనాక్", "ఆలియాస్", "వుల్గో", "రెక్టే" (మరో పేరు, వాడుక పేరు, సరైన పేరు అని చెప్పేవి) అన్న మాటలు రెండు పేర్ల మధ్య కనిపిస్తే ఆగి చూడండి. స్లొవేనియాలో ఇంటికో పేరు విడిగా ఉంటుంది. "ప్రి నోవాకు" అంటే నోవాక్ వాళ్లింట్లో అని. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల అధికారిక ఇంటిపేరు వేరేదై ఉండటం మామూలే.

చెకియాలో పుట్టుక పద్దులు చివరి నమోదు జరిగి 100 ఏళ్లు, పెళ్లి పద్దులు 75 ఏళ్లు దాటాకే ఆర్కైవ్‌కు వస్తాయి. వచ్చినవాటిని ప్రాంతీయ ఆర్కైవ్‌లు ఉచితంగా ఆన్‌లైన్లో ఉంచాయి. దక్షిణ మొరావియాకు బ్ర్నో ఆర్కైవ్, దక్షిణ బొహీమియాకు త్ర్జెబోన్ ఆర్కైవ్, పశ్చిమ బొహీమియాకు పోర్టా ఫోంటియుమ్ అనే సైటు. స్లొవేనియా చర్చి పుస్తకాలు మాట్రికులా అనే సైటులో ఉన్నాయి. పోలండ్‌కు మొదట గెనెతేకా అనే ఆన్‌లైన్ సూచిక చూడండి. పొజ్నాన్ ప్రాంతమైతే పొజ్నాన్ ప్రాజెక్టులో 1800–1899 పెళ్లిళ్ల సూచిక ఉంది.

19వ శతాబ్దంలో పోలండ్‌ను రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా పంచుకుని ఏలాయి, అప్పటికి ఎవరి ఏలుబడి అన్నదాన్నిబట్టి పద్దుల భాష మారుతుంది. రష్యా వాటాలో 1868 నుంచి పద్దులు రష్యన్‌లో ఉంటాయి, తేదీలు రెండేసి ఇస్తారు, 19వ శతాబ్దంలో వాటి మధ్య తేడా 12 రోజులు. రెండోది, అంటే పెద్దది, ఇప్పటి క్యాలెండరు ప్రకారం. ఆస్ట్రియా వాటాలో లాటిన్. ప్రష్యా వాటాలో 1874 అక్టోబరు 1 నుంచి చర్చితో సంబంధం లేని ప్రభుత్వ నమోదు, అది జర్మన్‌లో. జర్మన్ పాతరాత కుర్రెంట్‌లో "ఎన్", "యూ" ఒకేలా ఉంటాయి, "యూ" మీద చిన్న కొక్కెం ఒక్కటే తేడా. పేరు మొదటి అక్షరం పెద్దది కాబట్టి నోవాక్‌కు పెద్ద ప్రమాదం లేదు. ఊరిపేర్లు చదవడంలోనే దెబ్బతింటారు.

తీరందాటి:

అమెరికా గురించి ఎవరూ రాయలేదు. న్యూయార్క్ దగ్గర వలసవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు "డబ్ల్యూ" తీసేసి "వీ" పెట్టడంవల్లే అక్కడ అందరూ నోవాక్‌ను ఒకేలా రాస్తున్నారని విన్నాను. నిజమేనా?

రిజిస్టరుబల్ల:

బాగా ప్రచారంలో ఉన్న కథ, కానీ నిజం కాదు. ప్రయాణికుల జాబితా ఓడ ఎక్కేచోటే, బ్రేమెన్‌లోనో హాంబుర్గ్‌లోనో, ఓడ కంపెనీ గుమాస్తా రాసేవాడు. ఎల్లిస్ ఐలాండ్ (1892–1954) అధికారి ఆ జాబితా ముందుపెట్టుకుని సరిచూసుకునేవాడు, కొత్త పేరు పెట్టే పని అతనిది కాదు. మార్పులు తర్వాత జరిగాయి: జీతాల పుస్తకంలో, బడిలో, పౌరసత్వ దరఖాస్తులో, చాలాసార్లు సొంత ఇష్టంతో.

పైగా అందరూ ఒకేలా రాయడం లేదు. అమెరికాలో "డబ్ల్యూ" రూపం, "వీ" రూపం, చివర "సీకే" ఉన్న రూపాలు అన్నీ ఉన్నాయి. "డబ్ల్యూ" ఉంటే పోలిష్ మూలం అనుకోవడానికి వీలుంది, "వీ" ఉంటే మాత్రం చెక్, స్లోవాక్, స్లొవేన్, క్రొయేషియన్, హంగేరియన్, మార్చుకున్న పోలిష్, ఏదైనా కావచ్చు. క్లీవ్‌లండ్‌లో స్లొవేన్లు, చెక్‌లు ఇద్దరూ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. షికాగోలో చెక్‌లు, పోల్‌లు. 1933లో షికాగోలో పుట్టిన నటి కిమ్ నోవాక్‌ది చెక్ మూలం. కాబట్టి నగరం పేరు తెలిసినా చాలదు, వాళ్లు ఏ చర్చికి వెళ్లేవారో చూడాలి. వలస వచ్చినవాళ్లు జాతులవారీగా పారిష్‌లు పెట్టుకున్నారు. ఆ పారిష్ పెళ్లి పుస్తకంలో ఒక్కోసారి వధూవరుల పుట్టిన ఊరే దొరుకుతుంది. ఆ ఊరు దొరికేదాకా ఐరోపా సూచికల జోలికి వెళ్లకండి.

జనగణితం:

ఒక చిన్న చేర్పు. పేరు ఇంత మామూలుది కాబట్టే దాక్కోవడానికీ పనికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలిష్ రహస్య సైన్యానికి వార్తాహరుడుగా తిరిగిన జ్‌జీస్వాఫ్ యెజొరాన్‌స్కీ పెట్టుకున్న మారుపేరు యాన్ నోవాక్. తర్వాత రేడియో ఫ్రీ యూరప్ పోలిష్ విభాగాన్ని 1952 నుంచి 1976 దాకా నడిపింది ఆయనే. చివరికి రెండు పేర్లూ కలిపి నోవాక్-యెజొరాన్‌స్కీగా మిగిలాడు. చెక్ దరఖాస్తు నమూనాల్లో యాన్ నోవాక్, స్లొవేనియా నమూనాల్లో యానెజ్ నోవాక్ అనే ఉంటుంది. రికార్డుల్లో వెతికేటప్పుడు 1939–45 మధ్య కాగితాల్లో ఉన్నట్టుండి ఒక నోవాక్ ప్రత్యక్షమై, ముందూ వెనకా జాడ లేకపోతే, అది దొంగ కాగితాల పేరు అయ్యే అవకాశం కూడా లెక్కలో ఉంచుకోండి.

పాతకాగితం:

అయితే జన్యుపరీక్షలో నోవాక్‌లను గుంపుగా చేర్చి చూసే ప్రయత్నాలవల్ల లాభం లేదన్నమాటేనా?

రిజిస్టరుబల్ల:

గుంపుగా అయితే లేదు. తండ్రివైపు వై-క్రోమోజోమ్ పరీక్ష ఇద్దరు నోవాక్‌ల మధ్య ఫలానా చుట్టరికం ఉందా అన్నదానికి పనికొస్తుంది. అదీ ఇద్దరి ఊరూ ఒకటేనని కాగితాలు ముందే చెబుతున్నప్పుడు. ఇల్లరికాలు, పొలంపేర్లు ఉన్న ప్రాంతంలో కాగితాల్లో ఇంటిపేరు కలిసినా పరీక్షలో కలవకపోవచ్చు. అలా జరిగితే ముందు ఆ ఇంటి నంబరు కింద ఉన్న పెళ్లి పద్దులు తిరగేయండి. 1817 ఉత్తర్వుతో మొదలైన భూమి సర్వేలో గీసిన ఇండికేషన్ స్కెచ్‌లలో ఇంటి నంబరు పక్కనే యజమాని పేరు రాసి ఉంటుంది. బొహీమియాకు అవి 1826–1843 మధ్యవి. అల్లుడు ఎప్పుడు నోవాక్ అయ్యాడో చాలాసార్లు అక్కడ పట్టుబడుతుంది.